సోలాపూర్ తూర్పు భాగం

మహారాష్ట్రలోని సోలాపూర్ నగరంలో తెలుగు నేతవారు, ప్రధానంగా పద్మశాలీలు, తరతరాలుగా ఉంటున్న పేటల సముదాయం. స్థానికులు పూర్వభాగ్ అంటారు. సాఖర్‌పేట, భవానీపేట, జోడ్‌భావిపేట, దాజీపేట, కన్నా చౌక్, అశోక్ చౌక్ ఇందులో పేరున్న చోట్లు. 2011 లెక్కల్లో నగర జనాభా సుమారు 9.5 లక్షలు.

వలస ఎప్పుడు మొదలైందన్న దానిపై ఏకాభిప్రాయం లేదు. మాధవరావు పీష్వా నేతవారిని రప్పించి మాధవపేట కట్టించాడన్నది ఒక కథనం. అప్పట్లో కొన్ని కుటుంబాలు వచ్చి ఉండవచ్చు. పెద్ద వలస మాత్రం 1860లో రైలు వచ్చాక, 1876–78 కరువు నాటి నుంచి నిజాం రాజ్యపు తెలంగాణ పల్లెల నుంచి సాగిందనడమే సబబుగా తోస్తుంది. ఇదే కాలంలో వచ్చిన సోలాపూర్ మొదటి నూలు మిల్లు పుట్టిన ఏడు కొన్ని చోట్ల 1874 అనీ, కొన్ని చోట్ల 1877 అనీ కనిపిస్తుంది. బహుశా కంపెనీ ఏర్పాటుకూ పని మొదలవడానికీ మధ్య తేడా కావచ్చు.

ఈ పేటల్లో ఇల్లూ కారఖానా చాలాకాలం ఒకటే. ముందు గదిలో మొదట మగ్గం, తర్వాతి కాలంలో సాంచా (మరమగ్గం); వెనక వంటిల్లు. మగవాళ్లు జకార్డు చద్దర్లు నేస్తే, ఆడవాళ్లు కండెలు చుట్టేవారు, బీడీలు చేసేవారు. నేత మందగించిన నెలల్లో ఎన్నో ఇళ్లను నడిపింది బీడీ కూలే. నేత చరిత్రలు దీన్ని ఒక వాక్యంతో దాటేయడం అన్యాయం. చద్దరుకూ టెర్రీ టవలుకూ భౌగోళిక గుర్తింపు 2005–06లో, పోచంపల్లి ఇక్కత్ తర్వాత కొద్దికాలానికే దక్కింది. నేడు టవలుదే పైచేయి.

ఇంట్లో తెలంగాణ తెలుగు, వీధిలో మరాఠీ, బజారులో కన్నడం కూడా వినిపిస్తాయి. శ్రావణ పౌర్ణమినాడు పద్మశాలీల ఆరాధ్యుడైన మార్కండేయుని రథం ఊరేగుతుంది. వాన తక్కువ సీమ కావడంతో కుళాయి నీళ్లు కొన్ని రోజులకోసారే రావడం ఇక్కడి బతుకులో భాగం.

ఇరుకు పేటల నుంచి బయటపడే దారి గృహ సహకార సంఘాలతో తెరుచుకుంది. 1978, 1995, 2004లలో శాసనసభకు ఎన్నికైన సీపీఎం నాయకుడు నర్సయ్య ఆడం నడిపిన ఉద్యమ ఫలితంగా, అక్కల్‌కోట్ దారిలోని కుంభారి వద్ద మహిళా బీడీ కార్మికులకు 10,000 ఇళ్లు లేచాయి. వర్లీ ఆదివాసీ పోరాట నాయకురాలు గోదావరి పరులేకర్ పేరిట వెలసిన ఆ కాలనీని 2006లో ప్రధాని మన్మోహన్ సింగ్ ప్రారంభించారు. అక్కడే రేనగర్ అనే మరో కాలనీలో 30,000 ఇళ్లు తలపెట్టగా, 15,000 ఇళ్లను 2024 జనవరి 19న ప్రధాని నరేంద్ర మోదీ అప్పగించారు. ఇల్లు భార్య పేరిటో తన పేరిటో దక్కినా, సాంచా నడిపే కార్మికుడు పనికోసం రోజూ నగరం వైపు రావలసిందే. తునికాకు బీడీ పని మాత్రం ఆడవాళ్ల వెంటే కొత్త ఇంటికి వెళ్లింది.