ఒక ఔన్సు రొట్టె

1862 ఆగస్టు 26న లండన్ నగరంలో విలియం బాంటింగ్ అనే పెద్దమనిషి బరువు 202 పౌన్లు, అంటే దాదాపు 92 కిలోలు. ఎత్తు 5 అడుగుల 5 అంగుళాలు, వయసు అరవై దాటింది. వంగి బూట్ల తాళ్లు కట్టుకోలేని స్థితి. మెట్లు దిగాలంటే మోకాళ్ల మీద భారం పడకుండా వెనక్కి తిరిగి నెమ్మదిగా దిగేవాడు. మరుసటి ఏడాది ఆయన సొంత ఖర్చుతో ఒక చిన్న పుస్తకం అచ్చువేయించి ఉచితంగా పంచిపెట్టాడు. ‘స్థూలకాయం గురించి ప్రజలకు లేఖ’ అని దాని పేరును తెలుగు చేసుకోవచ్చు. పిండిపదార్థాలు తగ్గించి బరువు తగ్గించుకోవడం గురించి ఈనాడు అంగళ్లలో కనిపించే ‘లో కార్బ్’ వంట పుస్తకాల వంశవృక్షంలో మొదటి పేరు దానిదే.

బాంటింగ్ వైద్యుడు కాడు. అంత్యక్రియల ఏర్పాట్లు చూడడం ఆయన కుటుంబ వృత్తి. వాళ్ల సంస్థ బ్రిటిష్ రాజకుటుంబానికి కూడా ఆ సేవలు అందించింది. 1852లో వెల్లింగ్టన్ ప్రభువు అంతిమయాత్ర ఏర్పాట్లలోనూ దానికి పాత్ర ఉంది. కలిగిన కుటుంబం కనుక వైద్యానికి లోటు రాలేదు. ఒంటికి శ్రమ కావాలని ఒక వైద్యుడు చెబితే రోజూ ఉదయం రెండు గంటలు పడవ నడిపాడు. కండబలం పెరిగింది, దానికి మించి ఆకలి పెరిగింది. టర్కీ ఆవిరి స్నానాలు చేశాడు. ఔషధ జలాలు తాగాడు, క్షారపు మందులు మింగాడు. ఏళ్ల తరబడి సాగిన ఈ ప్రయాసలో పోయిన బరువు లెక్కలోకి వచ్చేది కాదు.

చివరికి ఆయనకు దారి చూపినవాడు చెవి వైద్యుడు. వినికిడి తగ్గుతోందని 1862 ఆగస్టులో బాంటింగ్ విలియం హార్వీ దగ్గరకు వెళ్లాడు. లోపం చెవిలో కంటే ఒంట్లో పేరుకున్న కొవ్వులో ఉందని హార్వీ అనుమానించాడు. అంతకు కొన్నేళ్ల ముందు ఆయన పారిస్‌లో క్లాడ్ బెర్నార్డ్ ఉపన్యాసాలు విన్నాడు. చక్కెర తయారుచేయడంలో కాలేయం పాత్రను నిరూపించిన శాస్త్రవేత్త బెర్నార్డ్. మధుమేహ రోగులకు మాంసాహారం పెట్టి, చక్కెర, పిండిపదార్థాలు తగ్గించే పద్ధతి అప్పటికే ఉంది. ఒంట్లో చక్కెరను అదుపుచేసే ఆహారం కొవ్వును కూడా అదుపుచేయవచ్చునని హార్వీ ఊహించాడు. ఈ ఆలోచన పూర్తిగా కొత్తదీ కాదు. 1825లో అచ్చయిన బ్రియా సవరాఁ భోజనశాస్త్ర గ్రంథంలోనే పిండివంటలకూ లావుకూ ఉన్న సంబంధం చర్చకు వచ్చింది.

హార్వీ మానమన్నవి ఆరు: రొట్టె, వెన్న, పాలు, చక్కెర, బీరు, బంగాళాదుంప. గుర్రానికి పెట్టే గింజల పోలికతో బాంటింగ్ ఈ నిషేధాన్ని పాఠకుడికి వివరిస్తాడు. పడుచు గుర్రానికి బలమిచ్చే దాణా ముసలి గుర్రానికి చేటు చేస్తుందట. తాను మానుకున్న పదార్థాలు మనుషుల పాలిటి అలాంటి గింజలంటాడు. గుర్రపు దాణా అనగానే ఉలవలు తలచుకునే తెలుగు పాఠకుడికి ఈ పోలిక వెంటనే పట్టుబడుతుంది.

ఇక పథ్యం విషయం. ఉదయం నాలుగైదు ఔన్సుల మాంసమో చేపో, పాలూ చక్కెరా లేని పెద్ద కప్పు తేనీరు, చిన్న బిస్కెట్టు, లేదా ఒక ఔన్సు ఎండు టోస్టు. ఔన్సు అంటే 28 గ్రాములు, అంటే పలచని రొట్టె ముక్క ఒకటి. మధ్యాహ్నం అయిదారు ఔన్సుల చేప లేదా మాంసం, బంగాళాదుంప కాకుండా ఏదైనా కూర, మళ్లీ ఒక ఔన్సు టోస్టు, కొంచెం పండు, రెండు మూడు గ్లాసుల ద్రాక్షసారాయం. సాయంత్రం పండు, ఒకటి రెండు రస్కులు, తేనీరు. రాత్రి మూడు నాలుగు ఔన్సుల మాంసమో చేపో, మళ్లీ ఒకటి రెండు గ్లాసుల ద్రాక్షసారాయం. పడుకునే ముందు కావాలంటే చక్కెర కలపని మద్యం. పంది మాంసం, సాల్మన్ చేప, బీరు మాత్రం కూడదు.

నేటి వైద్యుడు ఈ పట్టికలోని మద్యం చూసి నొసలు చిట్లిస్తాడు. అయితే పట్టికగా దానికున్న గుణాన్ని కాదనడం కష్టం. కొత్తవాడు అక్కడ ఆలోచించి తేల్చుకోవలసిందేమీ మిగల్లేదు. ఏ పూటకు ఏమిటి, ఎంత, ఏది వద్దు, అంతే. ఆకలికి కాపలా కాయమనీ మనసును జయించమనీ ఆ పుస్తకం ఉపదేశించదు. తన బరువును మాత్రం తేదీల వారీగా పాఠకుడి ముందు పెడుతుంది. ఏడాది తిరిగేసరికి బాంటింగ్ బరువు 156 పౌన్లు. అంటే 46 పౌన్లు, దాదాపు 21 కిలోలు తగ్గాడు. నడుము చుట్టుకొలతలో పన్నెండు అంగుళాలకు పైగా పోయింది. మెట్లు మామూలుగా దిగాడు.

ఆ పుస్తకంలో లేనిది ఒకటుంది. ఒక్క వంటకమైనా ఎలా వండాలో అందులో కనబడదు. 1861లో వెలువడిన ఇసబెల్లా బీటన్ గృహనిర్వహణ గ్రంథం ఆ కాలపు మధ్యతరగతి ఇంగ్లీషు వంటింటి స్వరూపాన్ని వందల వంటకాలతో చూపిస్తుంది. పొయ్యి, వంటమనిషి, పనిమనిషి, మాంసం అంగడి లెక్క అన్నీ అందులో ఉన్నాయి. బాంటింగ్ పథ్యానికి పునాది అలాంటి ఇల్లే. అయితే అది ఆయన పుస్తకంలోకి రాలేదు. రోజుకు మూడుసార్లు మాంసమో చేపో సిద్ధంగా బల్లమీదకు వచ్చే ఇంట్లో పట్టిక ఒక్కటే సరిపోతుంది. వేరేచోట సరిపోదు.

పుస్తకం ఊహించనంతగా నడిచింది. మొదటి ప్రతులు ఉచితంగా పంచిన బాంటింగ్, గిరాకీ పెరిగాక వెల పెట్టి అమ్మించి లాభాన్ని దానధర్మాలకు ఇచ్చాడు. పథ్యం చేయడానికి ఆయన పేరు ఇంగ్లీషులో క్రియాపదమైంది. స్వీడిష్ భాషలో ఈనాటికీ బరువు తగ్గేందుకు పథ్యం చేయడాన్ని ‘బాంటా’ అంటారు. వైద్యలోకం మాత్రం హర్షించలేదు. లాన్సెట్ పత్రిక ఆయనను విమర్శించి, వైద్య విషయాలలో జోక్యం వద్దని హెచ్చరించింది. ఆ కోపంలో వృత్తి గర్వం పాలు ఎంతైనా, అడగవలసిన ప్రశ్న ఒకటి ఉంది. ఒక మనిషికి పనిచేసింది వేరొకరికి ఎలా పనిచేస్తుంది?

ఆ ప్రశ్న ప్రాణం మీదికి వచ్చిన చోటు మధుమేహం. 1797లోనే జాన్ రోలో అనే సైనిక వైద్యుడు ఒక కెప్టెన్‌కు ధాన్యాలు, కూరలు తగ్గించి మాంసం, కొవ్వు ప్రధానంగా పెట్టి, మూత్రంలో చక్కెర తగ్గడాన్ని గ్రంథస్థం చేశాడు. ఫ్రాన్సులో బుషార్దా, 1870-71 పారిస్ ముట్టడిలో తిండి దొరకని రోజుల్లో తన రోగుల మూత్రంలో చక్కెర మాయమవడం గమనించాడు. ఇరవయ్యో శతాబ్దపు రెండో దశకంలో అమెరికాలో ఫ్రెడరిక్ ఆలెన్ ఈ దారిని చివరి అంచుదాకా తీసుకెళ్లాడు. చక్కెర కనిపించనంతవరకు ఉపవాసం, ఆ తర్వాత గ్రాముల లెక్కన ఆహారం. కూరగాయల్లోని పిండిపదార్థం కూడా పోవాలని వాటిని మూడుసార్లు ఉడికించి నీళ్లు పారబోసేవారు.

1915లో లూయిస్ హిల్ అనే వైద్యుడు, రీనా ఎక్మన్ అనే ఆహార నిపుణురాలు కలిసి ఆ చికిత్స మీద ఒక చిన్న పుస్తకం తెచ్చారు. బోస్టన్‌లోని మాసచూసెట్స్ జనరల్ ఆస్పత్రిలో వాడే ఆహార పట్టికలు అందులో ఉన్నాయి, వంటకాలూ ఉన్నాయి. బాంటింగ్ వదిలేసిన వంటింటిని నింపింది ఈ పుస్తకమే. కూరగాయలను వాటిలోని పిండిపదార్థం శాతాన్ని బట్టి వరుసలుగా విడగొట్టి, ఇంట్లో వండేవాళ్ల చేతికి త్రాసు ఇచ్చింది. ఈనాటి ‘లో కార్బ్’ వంట పుస్తకాల్లో కనిపించే పట్టికలకు పోలిక వెతికితే దొరికేది ఇక్కడే. తేడా ఒక్కటే. అప్పుడు తూచి పెట్టిన చేతులు తగ్గించాలనుకున్నది బరువును కాదు, బిడ్డ చావును కొన్ని నెలలు వెనక్కి నెట్టాలనుకున్నాయి.

ఎలిజబెత్ హ్యూస్ కథ అందుకు సాక్ష్యం. అమెరికా విదేశాంగ మంత్రి చార్లెస్ ఎవన్స్ హ్యూస్ కూతురు. 1919లో, పదకొండేళ్ల వయసులో, ఆమెకు మధుమేహం బయటపడింది. ఆలెన్ పథ్యం మీద మూడేళ్లు నెట్టుకొచ్చింది. 1922 ఆగస్టులో టొరంటో చేరేనాటికి పదిహేనేళ్లు నిండబోతున్న ఆ పిల్ల బరువు సుమారు 45 పౌన్లు, అంటే 20 కిలోలు. అక్కడ ఆమెకు ఇన్సులిన్ అందింది. మళ్లీ రొట్టె తినగలిగింది. తల్లికి రాసిన ఉత్తరాల్లో తిండి గురించి ఆమె సంబరం కనబడుతుంది. 1981 వరకు జీవించింది. ఆమెకు ఇన్సులిన్ ఇచ్చిన వైద్యుడి ఇంటిపేరు కూడా బాంటింగ్ కావడం చరిత్రలోని చిత్రమైన కలయిక. ఆలెన్ కఠిన పథ్యం నిజంగా ఆమెను ఇన్సులిన్ దాకా బతికించింది. ఇంకొన్ని నెలలు ఆ పథ్యమే సాగి ఉంటే ఆకలితో చనిపోయేదన్నదీ అంతే నిజం.

ఇన్సులిన్ వచ్చాక తక్కువ పిండిపదార్థాల పథ్యానికి ఆ ప్రాణావసరం తగ్గింది. దాన్ని తిరిగి బరువు తగ్గే మార్గంగా లక్షల ఇళ్లకు చేర్చినవాడు న్యూయార్క్ హృద్రోగ నిపుణుడు రాబర్ట్ ఆట్కిన్స్. 1972లో వచ్చిన ఆయన పుస్తకం ‘డాక్టర్ ఆట్కిన్స్ డైట్ రెవల్యూషన్’ సిద్ధాంతంతో పాటు భోజన పట్టికలను, వంటకాలను కూడా ఇచ్చింది. ఆయన పద్ధతికి తర్వాత స్థిరపడిన రూపంలో మొదటి దశ కనీసం రెండు వారాలు. రోజుకు 20 గ్రాములకు మించి పిండిపదార్థం తినకూడదు. ఉద్యోగం, పిల్లలు, ప్రయాణం మధ్య తీరిక లేని కొత్తవాడికి ఇది సరిగ్గా నప్పింది. రెండు వారాలంటే ఎవరైనా ఓర్చుకోగలరు. మొదటి రోజుల్లో ఒంటిలో నిలవున్న గ్లైకోజెన్‌తో పాటు నీరు కూడా పోతుంది కనుక త్రాసు ముల్లు త్వరగా దిగుతుంది, నమ్మకం కుదురుతుంది. కొవ్వు తిన్నంత తినవచ్చన్న ధోరణిని 1973లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ ఆహార మండలి తీవ్రంగా తప్పుబట్టింది. లాన్సెట్ నాడు బాంటింగ్ మీద చూపిన కోపమే శతాబ్దం తర్వాత మళ్లీ పలికింది.

వాదం పరీక్షకు నిలబడింది తర్వాతి కాలంలో. 2003లో 63 మందితో జరిగిన ఒక అధ్యయనంలో, ఆరు నెలలకు ఆట్కిన్స్ పథ్యం చేసినవారే ఎక్కువ బరువు తగ్గారు. ఏడాది తిరిగేసరికి రెండు పక్షాల మధ్య లెక్కకు నిలిచే తేడా లేదు. 2018లో 609 మందితో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు చేసిన అధ్యయనంలోనూ ఏడాదికి కొవ్వు తగ్గించినవారు సగటున 5.3 కిలోలు, పిండిపదార్థం తగ్గించినవారు 6 కిలోలు తగ్గారు. అదీ చెప్పుకోదగ్గ తేడా కాదు. పట్టిక మొదటి నెలల్లో మనిషిని మోస్తుంది. ఆ తర్వాత పట్టికను మోయవలసింది మనిషీ, అతని ఇల్లూను.

ఆ ఇల్లు తెలుగువాళ్లదైతే చిక్కు ఇంకొంచెం లోతైనది. బాంటింగ్ పళ్లెంలోంచి రొట్టె తీసేసినా భోజనం భోజనంగానే మిగిలింది. తెలుగులో ‘అన్నం తిన్నారా’ అంటే భోజనమైందా అనే అర్థం. అన్నం తీసేస్తే ఆ పూటకు పేరే ఉండదు. ఒక కప్పు అన్నంలో సుమారు 45 గ్రాముల పిండిపదార్థం ఉంటుంది, ఆట్కిన్స్ మొదటి దశ లెక్కలో అది రెండు రోజుల కోటాకు మించినది. అన్నం మాని జొన్నరొట్టెకో రాగిసంకటికో మారినవారు పీచు ఎక్కువ తింటారు, కానీ ఆ ధాన్యాల్లోనూ అధిక భాగం పిండిపదార్థమే. పప్పులో సగానికి పైగా అదే. శాకాహారి ఇంటికి బాంటింగ్ పట్టికను యథాతథంగా తెస్తే మిగిలేవి ఆకుకూరలు, పనీరు, గింజలు, నూనె.

2017-18 ప్రాంతంలో తెలుగునాట ఈ కథ మరోసారి నడిచింది. వైద్యుడు కాని వీరమాచనేని రామకృష్ణ ప్రచారం చేసిన పథ్యం ఊరూరా చర్చ అయింది. కొలిచిన కొవ్వు, నిమ్మకాయలు, నాలుగు లీటర్ల నీళ్లు, మల్టీవిటమిన్ మాత్రలు. సభలకు జనం పోటెత్తారు, పలువురు వైద్యులు అభ్యంతరం చెప్పారు. 1864 లండన్ వాతావరణం మళ్లీ వచ్చినట్లయింది. అటువైపు అనుభవం చెప్పేవాళ్ల నమ్మకం, ఇటువైపు అధ్యయనం అడిగేవాళ్ల సందేహం. మధ్యలో మధుమేహానికి మాత్రలో ఇన్సులినో వాడుతున్న సామాన్యుడు ఉన్నాడు. మందు మోతాదు మార్చకుండా ఒక్కసారిగా పిండిపదార్థం మానేస్తే అతని రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. కొన్ని కొత్త రకం మాత్రలతో, చక్కెర పెద్దగా పెరగకపోయినా కీటోన్లు ప్రాణాంతకంగా పేరుకోవచ్చు. ఏ పట్టికా అతని మందుల చీటీని చదవలేదు.

బాంటింగ్ 1878లో, ఎనభయ్యో పడి దాటాక చనిపోయాడు. తనకు మేలు చేసినదాన్ని దాచుకోకుండా పంచాలన్న ఆయన ఆత్రంలో మోసం లేదు. బరువులు తేదీలతో రాశాడు, దారి చూపిన వైద్యుణ్ని తలచుకున్నాడు, వచ్చిన లాభాన్ని ఉంచుకోలేదు. ఆ తర్వాత ఈ తోవలో వచ్చిన పుస్తకాలన్నిటికీ ఈ మాట చెల్లదు. కొత్తగా పథ్యం మొదలుపెట్టేవాళ్లు ఆ పాత పుస్తకం నుంచి నేర్చుకోదగినది మాంసం లెక్క కంటే ఆ నిజాయితీనే. ఏ పూట ఏం తిన్నారో, ఎంత తగ్గారో రాసుకోవడం. ఇంట్లో వండేదెవరో ముందే అడగడం. మందులు వాడుతుంటే వైద్యుడికి చెప్పి మొదలుపెట్టడం. ఆ ఒక ఔన్సు రొట్టెను కూడా బాంటింగ్ పూర్తిగా మానుకోలేదని గుర్తుంచుకోవడం.