యంత్రం మరణవాంగ్మూలం

కొన్ని మాటలు తమను పుట్టించిన వస్తువు నశించిన తరువాత కూడా బ్రతికి ఉంటాయి. కంప్యూటరు వారి పరిభాషలో 'కోర్ డంపు' అటువంటి మాట. 1950ల నుండి 1970ల నడుమ వరకు ఆ యంత్రాల జ్ఞాపకం అంటే సన్నని తీగలకు గుచ్చిన చిన్న చిన్న అయస్కాంతపు ఉంగరాల వరుస. ఆ ఉంగరం పేరే 'కోర్'. ఒక్కొక్క ఉంగరం సున్ననో ఒకటినో దాచుకొనేది. యంత్రం మొరాయించినప్పుడు ఉంగరాలలోని అంకెలన్నిటినీ కాగితాల మీద అచ్చువేసి, ఆ గుట్టను ముందు పెట్టుకొని దోషం ఎక్కడ ఉన్నదో వెదికేవారు. ఉంగరాలు పోయి సిలికాను చిప్పులు వచ్చినవి. మాట మాత్రం పోలేదు.

మిత్రులారా, ఈ టపాలో ఆ డంపు చరిత్రను, అందులోనూ ఇటీవల జరిగిన ఒక పరిష్కరణను చెప్పదలచాను. విషయం యంత్రానిదే అయినా, అందులోని చిక్కు వ్యాకరణం చదువుకొన్నవారికి పాతదే. పేరు ఒకటి, అర్థం మరొకటి అయినప్పుడు ఏమవుతుందన్నదే ఆ చిక్కు.

ముందుగా కెర్నెలు సంగతి. ఆ ఆంగ్లపదానికి గింజలోని పప్పు అని అర్థం. ఆపరేటింగు సిస్టములో అది నట్టనడిమి భాగం. జ్ఞాపకంలో ఎవరికెంత చోటు ఇవ్వాలి, డిస్కు మీద ఎవరు వ్రాయాలి, ఏ పని ముందు జరగాలి అన్నవి నిర్ణయించేది అదే. మామూలు ప్రోగ్రాము ఒకటి చెడితే దాని స్థితిగతులను కెర్నెలు వ్రాసి పెడుతుంది. మరి కెర్నెలే చెడితే వ్రాసేవారెవరు? ఈ చరిత్ర అంతా ఆ ఒక్క ప్రశ్నకు వెదికిన సమాధానాలే.

1960లలో ఎం.ఐ.టి., జనరల్ ఎలక్ట్రిక్, బెల్ ల్యాబ్స్ కలిసి మల్టిక్సు అనే మహావ్యవస్థను నిర్మించ పూనుకొన్నవి. 1969లో బెల్ ల్యాబ్స్ అందులోనుండి తప్పుకొన్నది. అక్కడి కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీలు యూనిక్సును మొదలుపెట్టినారు. మల్టిక్సులో పనిచేసిన టామ్ వాన్ వ్లెక్ ఒక ముచ్చట వ్రాసిపెట్టినాడు. తాను వ్రాస్తున్నదానిలో సగందాకా దోషాలనుండి కోలుకొనే ఏర్పాటేనని ఆయన రిచీతో అన్నాడట. తాము అదంతా వదిలివేసినామనీ, తప్పు జరిగితే 'పానిక్' అనే చిన్న భాగాన్ని పిలుస్తామనీ, అప్పుడు యంత్రం ఆగిపోతుందనీ, నడవలోకి కేకవేసి మళ్లీ మొదలుపెట్టమని చెప్పడమే తరువాయి అనీ రిచీ బదులిచ్చాడట. యూనిక్సు సారళ్యం ఈ ఒక్క సమాధానంలో కనిపిస్తుంది.

అయితే కేకవేసి మళ్లీ మొదలుపెడితే పని సాగుతుంది గాని, ఎందుకు పడిపోయినదో తెలియదు. అందుకని తరువాతి యూనిక్సులు ఒక పద్ధతి పెట్టుకొన్నవి. పడిపోతున్న కెర్నెలు తన జ్ఞాపకాన్నంతా డిస్కు మీద 'స్వాప్' అనే చోట గుమ్మరించి ఆగిపోతుంది. యంత్రం తిరిగి లేచిన తరువాత బర్కిలీ యూనిక్సులోని 'సేవ్‌కోర్' అనే ప్రోగ్రాము దానిని భద్రమైన ఫైలుగా తీసి ఉంచుతుంది.

పద్ధతి చక్కనిదే. కాని వ్రాస్తున్నది ఎవరు? చెడిన కెర్నెలే. పక్షవాతం వచ్చిన చేతితో వీలునామా వ్రాయించినట్లు. చెడినది డిస్కును నడిపే భాగమే అయితే డంపు రాకపోవచ్చు. అంతకంటె ప్రమాదం, వ్రాయరాని చోట వ్రాసి, బాగున్న సమాచారాన్ని కూడా పాడుచేయవచ్చు.

1991లో లైనస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టిన లినక్సుకూ ఇదే సమస్య ఎదురైనది. 1999 ప్రాంతంలో ఎస్.జి.ఐ. సంస్థవారు ఒక డంపు ఏర్పాటు చేసినారు. 2002లో దానిని అసలు కెర్నెలులో చేర్చమని అడిగితే టోర్వాల్డ్స్ ఒప్పుకోలేదు. అది కంపెనీలకు కావలసిన వస్తువనీ, కావలసినవారే తమ ప్రతులలో చేర్చుకోవచ్చుననీ ఆయన వైఖరి. రెడ్ హాట్ సంస్థ, డిస్కు జోలికి పోకుండా డంపును నెట్‌వర్కు ద్వారా మరొక యంత్రానికి పంపే మార్గం తొక్కినది. అక్కడ కూడా పంపేది చెడిన కెర్నెలే.

చిక్కు 2005లో విడినది. ఎరిక్ బీడర్మన్ అప్పటికే 'కెక్సెక్' అనే ఉపాయం కనిపెట్టి ఉన్నాడు. యంత్రాన్ని మొదటినుండి లేపకుండా, నడుస్తున్న కెర్నెలునుండి సూటిగా మరొక కెర్నెలులోకి దూకడం దాని పని. ఐ.బి.యం. భారతశాఖలో పనిచేసిన వివేక్ గోయల్, హరిప్రసాద్ నెల్లితీర్థలు ఆయనతో కలిసి దానిమీద 'కెడంపు'ను నిర్మించి, ఆ ఏడు ఒటావాలో జరిగిన లినక్సు సదస్సులో వివరించినారు. 2005 ఆగస్టులో వెలువడిన 2.6.13 కెర్నెలులో రెండూ చేరినవి.

అది పనిచేసే తీరు ఇది. యంత్రం లేస్తూనే జ్ఞాపకంలో కొంత భాగాన్ని వేరుగా కట్టిపెడతారు. అందులో రెండవ కెర్నెలును నింపి నిద్రపుచ్చుతారు. మొదటిది కూలగానే అది తన జ్ఞాపకాన్ని తాను వ్రాయబోదు, రెండవదానిలోకి దూకుతుంది. ఆరోగ్యంగా ఉన్న ఆ రెండవది, చచ్చినదాని జ్ఞాపకాన్ని ఒక ఫైలువలె చదివి భద్రపరుస్తుంది. దూకే దారిలో ఉన్న చిన్న భాగం, రెండవ కెర్నెలు చెక్కుచెదరకుండా ఉన్నదా అని సరిచూస్తుంది. దానికి 'పర్గేటరీ' అని పేరు పెట్టినారు. స్వర్గానికి ముందు ఆత్మలు శుద్ధి పొందే చోటని క్రైస్తవ సంప్రదాయంలో ఆ మాటకు అర్థం. మనవారు పెట్టి ఉంటే వైతరణి అనేవారేమో! కట్టిపెట్టిన జ్ఞాపకం మామూలు పనులకు అందదు. నిజమైన సాక్షిని సిద్ధంగా ఉంచుకోవడానికి చెల్లించే వెల అది.

ఇక చిక్కుముడి ఎక్కడ పడినదంటే, కెడంపు కెక్సెక్ ఒడిలో పుట్టినది గనుక రెండింటి వ్రాతా కలిసిపోయినది. వేగంగా లేపడం వేరు, సాక్ష్యం తీయడం వేరు. తాళపత్రాలలో మూలపద్యం ప్రక్కన ఎవరో వ్రాసుకొన్న టీక, రెండు మూడు ప్రతులు తిరిగేసరికి మూలంలో చేరిపోయిన వైనం మనకు తెలిసినదే. ఇక్కడా అదే జరిగినది.

2017లో వచ్చిన 4.12 కెర్నెలులో డంపుకు సంబంధించిన కొంత భాగాన్ని విడదీసి 'క్రాష్ కోర్' అని పేరు పెట్టినారు. ఐ.బి.యం. పవర్ యంత్రాలలో ఫర్మువేరు సాయంతో డంపు తీసే వేరొక పద్ధతి ఉన్నది. దానికి కెక్సెక్ అక్కరలేదు. నడుస్తున్న కెర్నెలు జ్ఞాపకాన్ని తొంగిచూసే 'కేకోర్' అనే సౌకర్యానికి కెర్నెలు లోపలి అమరిక వివరాల పట్టిక ఒక్కటి చాలు. ఎవరికి ఏ కొంచెం కావలసివచ్చినా 'క్రాష్ కోర్' మొత్తాన్నీ పిలవవలసి వచ్చేది. కాలక్రమాన అందులో జ్ఞాపకం కట్టిపెట్టడం, వివరాల పట్టిక, ఇతరమైన పనులూ పోగుపడినవి. ఫలితం ఏమిటంటే, కేకోర్‌ను మాత్రమే కోరుకొన్నవాని అమరికలో కూడా 'క్రాష్ కోర్' ఉన్నట్లు కనబడేది. చూసినవాడు డంపు ఏర్పాటు ఉన్నదనుకొంటాడు. నిజానికి లేదు.

ఒక అమరికలో కెర్నెలు కంపైలు కాకపోవడంతో కారణం వెదకబోయిన రెడ్ హాట్ ఇంజనీరు బావోక్వాన్ హే, ఆ గందరగోళాన్ని ఉంచుకొని దోషాన్ని సవ్యంగా దిద్దలేమని గ్రహించి, మొత్తం పరిష్కరణకు పూనుకొన్నాడు. 2024 మే నెలలో వచ్చిన 6.9 కెర్నెలులో అది చేరినది. జ్ఞాపకం కట్టిపెట్టే పనికి ఒక ఫైలు, వివరాల పట్టికకు ఒక ఫైలు, డంపు పనికి మరొకటి ఏర్పడినవి. డంపు వద్దనుకొన్నవారు కెక్సెక్‌ను విడిగా ఉంచుకోవచ్చు. పేరు చూస్తే పని తెలుస్తుంది.

డంపు తీసే విధానం దీనివల్ల మారలేదు. అందుకే ఇటువంటి పనికి కీర్తి తక్కువ. పరిష్కర్త పేరు కావ్యం అట్టమీద చిన్న అక్షరాలలో ఉంటుంది. కాని మరణవాంగ్మూలాన్ని రెండవసారి తీసుకోలేము. అర్ధరాత్రి కూలిన యంత్రం, ఉన్నదనుకొన్న సాక్షి లేకుండానే తిరిగి లేస్తే, ఆ దోషం అక్కడే పొంచి ఉండి మరొక రాత్రి మళ్లీ కూలుస్తుంది. తప్పుడు పేరు ఇచ్చే ధీమాకు అది ఫలం.

లినక్సు వాడే మిత్రులు ఒక పరీక్ష చేసుకోవచ్చు. 'సిస్' అనే డైరెక్టరీలో 'కెర్నెల్' అనే డైరెక్టరీ, అందులో 'కెక్సెక్ క్రాష్ లోడెడ్' అనే చిన్న ఫైలు ఉంటాయి. అందులో 1 ఉంటే రెండవ కెర్నెలు మేల్కొనడానికి సిద్ధంగా ఉన్నదని అర్థం. 0 ఉంటే లేదని. అసలు ఆ ఫైలే కనబడకపోతే, మీ కెర్నెలులో ఆ ఏర్పాటే లేదు. ఒక్క అంకె, ఒక్క అర్థం.