మానుకోట గిర్ని, ఢిల్లీ ర్యాంకు

ముందు రెండు తేదీలు చెప్తా. 2016 అక్టోబర్ 11, దసరా. పాత వరంగల్ జిల్లాను విడగొట్టడంతో జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి కొత్త జిల్లాలయ్యాయి. అదే నెల 31న వ్యాపారం ఎక్కడ సులువో చెప్పే రాష్ట్రాల ర్యాంకులు వచ్చాయి. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రెండూ 98.78 శాతంతో ఫస్ట్. ముందు ఏడాది మనది 13వ స్థానం!

ఒక్క ఏడాదిలో అంత ఎలా? పని జరిగింది, కాదనను. 2014లో టీఎస్ ఐపాస్ చట్టం చేశారు. అన్ని అనుమతులకీ ఒకే దరఖాస్తు, పెద్ద ప్రాజెక్టులకు 15 రోజుల గడువు, మిగతావాటికి 30. ఆలస్యం చేసిన అధికారికి జరిమానా కూడా.

కానీ ఆ ర్యాంకు దేన్ని కొలిచింది? 340 సంస్కరణల లిస్టు ఇచ్చారు. చేశాం అని రాష్ట్రాలు ఆధారాలు పోర్టల్‌లో పెట్టాయి, కేంద్రం, ప్రపంచ బ్యాంకు వాళ్లు చూసి మార్కులేశారు. జీవో వచ్చిందా, వెబ్‌సైట్ ఉందా అన్నదే చూశారు. దుకాణాయన్ని అడగలేదు.

నెదర్లాండ్స్‌లో ఇంకో పద్ధతి పుట్టింది, స్టాండర్డ్ కాస్ట్ మోడల్ అంటారు. చాలా సింపుల్. ఒక రూల్ పాటించడానికి పట్టే టైమ్, ఆ టైమ్ ఖరీదు, ఏడాదికి ఎన్నిసార్లు, ఎంతమంది. అన్నీ గుణించడమే. 2003లో వాళ్లు దేశం మొత్తానికి ఈ లెక్క మొదలుపెట్టి, నాలుగేళ్లలో పావు వంతు భారం తగ్గిస్తామన్నారు.

ఇదే లెక్క మనూళ్లో వేద్దాం. ఉదాహరణకే సుమా, అంకెలు నావి. మానుకోటలో ఒకాయన కారం గిర్ని పెట్టాలి. పాత రోజుల్లో జిల్లా ఆఫీసు అంటే వరంగల్. రైలెక్కి పోవాలి, సార్ సీట్లో లేకపోతే మళ్లీ రేపు. ఛార్జీలు 100, గిర్ని బంద్ పెడితే పోయేది 800. మూడు తిరుగుళ్లకి 2,700. ఇలాంటోళ్లు వెయ్యి మంది ఉంటే 27 లక్షలు. ఏ ఫీజు రసీదులోనూ ఈ డబ్బు కనిపించదు. భూపాలపల్లి వాళ్లకైతే రైలు కూడా లేదు, పరకాల మీదుగా బస్సే.

అందుకే నాకనిపిస్తది, చిన్న వ్యాపారికి ఆ నెలలో నిజంగా బరువు తగ్గించింది 31వ తారీఖు ర్యాంకు కాదు, 11న వచ్చిన జిల్లా ఆఫీసు. దానికి ఎవరూ మార్కులు వెయ్యలేదు.

తర్వాత పద్ధతి మారింది. 2017 నుంచి వ్యాపారుల్ని కూడా అడగడం మొదలైంది, 2019 ర్యాంకులు పూర్తిగా వాళ్ల జవాబుల మీదే ఇచ్చారు. మనం మూడో స్థానంలో ఉన్నాం. ఇక దేశాలకి ర్యాంకులిచ్చే ప్రపంచ బ్యాంకు డూయింగ్ బిజినెస్ రిపోర్టు సంగతి: కొన్నేళ్లు ఇండియా మొత్తాన్నీ ముంబై, ఢిల్లీలు చూసే లెక్కగట్టింది. డేటాలో తేడాలు బయటపడి 2021లో మూతపడింది. దాని కథ వచ్చే ఎపిసోడ్‌లో.