నాదమా, ధనమా?



గ్రామఫోను రికార్డులను వినుటకై కొనువారు కొందరు. వెల పెరిగిన పిమ్మట అమ్ముటకై కొనువారు కొందరు. ఈ రెండు విలువలును ఒక్కటి కావని అమెరికా వృత్తాంతమొకటి తెలుపుచున్నది.

కాలిఫోర్నియాలోని మొబైల్ ఫిడెలిటీ సంస్థవారు ప్రసిద్ధ గానములను మూలపు టేపులనుండి శ్రద్ధతో తీసి, సంఖ్య వేసి, పరిమితముగా అచ్చొత్తుదురు. 2016లో సంతానా బృందమువారి 'అబ్రాక్సస్' 2,500 ప్రతులే వెలువడెను. చేతులు మారినకొలది దాని వెల పెరిగెను. 2022లో మైకేల్ జాక్సను 'థ్రిల్లరు' 40,000 ప్రతులు వేయుదుమని ప్రకటింపగా రసికులకు సందేహము కలిగెను. ఆ పద్ధతిలో ఒక్కొక్క అచ్చుకు కొన్ని ప్రతులే వచ్చును. క్రొత్త అచ్చు కావలసినప్పుడెల్ల టేపును మరల త్రిప్పవలెను. అమూల్యమైన టేపును అన్నిసారులు త్రిప్పనిత్తురా? ఆ జూలైలో సంస్థ యింజనీర్లే నిజము చెప్పిరి: టేపులోని నాదమును ముందుగా అంకెలరూపమున నిలిపి, దానినుండియే పెక్కు రికార్డులు చేయుచుండిరట! ఆ యేడే కొన్నవారు న్యాయస్థానమున కెక్కిరి.

ఆ వార్తచే రికార్డుల గాడులలో నొక్కటియు మారలేదు. నిన్న శ్రావ్యమైనది నేడును శ్రావ్యమే. చెడినది నమ్మకము. కొనువాడు నాదమునకే కాక అమ్మువాని మాటకును వెల యిచ్చును గనుక, నిజము దాచుట దోషమే. అయినను వినుటకై కొన్నవానికి నాదము మిగిలెను. లాభమునకై కొన్నవాని సొత్తు పరుల నమ్మకముపైననే నిలిచియున్నది.