సైకిలిస్టును వాహనం ఢీకొంటే బాధ్యులెవరు? చట్టం ఏం చెబుతోంది?

2024 ఫిబ్రవరి 28న తెల్లవారుజామున నవీ ముంబైలోని పామ్ బీచ్ రోడ్డుపై సైకిల్ తొక్కుతున్న అవతార్ సైనీని వెనుక నుంచి వచ్చిన ఓ క్యాబ్ ఢీకొంది. ఇంటెల్ ఇండియా విభాగానికి గతంలో అధిపతిగా వ్యవహరించిన ఆయన పెంటియం ప్రాసెసర్ రూపకల్పనలో ముఖ్యపాత్ర వహించిన ఇంజినీరు. మృతుడు ప్రముఖుడు కావడంతో ఆ ప్రమాదం దేశమంతటా వార్త అయింది. పాల క్యాన్లతోనో, హ్యాండిల్‌కు టిఫిన్ క్యారియర్ తగిలించుకొనో బయలుదేరి ఇదే రీతిలో మరణించేవారి సమాచారం మాత్రం జిల్లా పేజీలో రెండు వాక్యాలతో ముగిసిపోతుంది. ఇద్దరికీ వర్తించే చట్టం ఒక్కటే.

కేంద్ర రహదారి రవాణా మంత్రిత్వశాఖ గణాంకాల ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల వల్ల 1,68,491 మంది మరణించారు. వారిలో సైకిలిస్టుల వాటా మూడు శాతానికి అటూ ఇటూగా ఉంది. అంటే ఏటా కొన్ని వేల కుటుంబాలు బాధ్యత ఎవరిదనే ప్రశ్నతో పోలీస్ స్టేషన్ మెట్లు ఎక్కుతున్నాయి.

‘ప్రమాదం’ అనే మాటకు సంస్కృతంలో ఏమరుపాటు, అజాగ్రత్త అని అర్థం. తెలుగులో అది దైవవశాత్తు జరిగిన ఘటనగా మారిపోయింది. న్యాయస్థానం మాత్రం నేటికీ పాత అర్థంలోనే వెతుకుతుంది: ఏమరుపాటు ఎవరిది?

రెండు దారుల విచారణ

ఒకే ఘటనపై రెండు వేర్వేరు విచారణలు సాగుతాయి. మొదటిది నేర విచారణ. నిర్లక్ష్యం వల్ల మరణం సంభవిస్తే భారతీయ న్యాయ సంహిత 106(1) సెక్షన్ కింద అయిదేళ్ల వరకు జైలుశిక్ష పడవచ్చు. పాత శిక్షాస్మృతిలోని 304ఎ కింద ఇది గరిష్ఠంగా రెండేళ్లే. సమాచారం ఇవ్వకుండా పారిపోయిన డ్రైవరుకు పదేళ్ల వరకు శిక్ష విధించే 106(2) సెక్షన్‌ను మాత్రం, లారీ డ్రైవర్ల ఆందోళన అనంతరం, 2024 జులై 1న కొత్త చట్టాలతో పాటు అమల్లోకి తేలేదు.

అయినా పారిపోవడం నేరం కాకుండా పోలేదు. గాయపడిన వ్యక్తికి వైద్యం అందేలా చూడాలని, 24 గంటల్లోగా పోలీసులకు తెలియజేయాలని 1988 నాటి మోటారు వాహనాల చట్టం 134వ సెక్షన్ డ్రైవరును ఆదేశిస్తోంది. జనం దాడి చేస్తారన్న భయం వాస్తవమేనని గుర్తించి, ఆ పరిస్థితిలో వైద్య సహాయం విషయంలో మినహాయింపునిచ్చిందీ అదే సెక్షన్.

రెండోది పరిహారం కోసం మోటారు ప్రమాదాల పరిహార ట్రైబ్యునల్ ముందు సాగే విచారణ. ఇక్కడ నేరం సందేహాతీతంగా రుజువు కానక్కర్లేదు, సంభావ్యత ఎటువైపు మొగ్గుతోందో చూస్తే చాలు. అందువల్ల క్రిమినల్ కేసులో డ్రైవరు నిర్దోషిగా బయటపడినంత మాత్రాన పరిహారం హక్కు పోదు. ఈ సంగతి తెలియక దావాను మధ్యలో వదిలేసే కుటుంబాలు లేకపోలేదు.

సైకిలిస్టు తప్పు కూడా ఉంటే

బీమా సంస్థల తరఫు న్యాయవాదులు తొలుత లేవనెత్తే వాదన ఇదే: సైకిల్‌కు లైటు లేదు, ఎదురు దిశలో వచ్చాడు, చెయ్యి చూపకుండా మలుపు తిరిగాడు. దీనిని న్యాయ పరిభాషలో అంశదాయక నిర్లక్ష్యం అంటారు. అది రుజువైతే దావా కొట్టివేయరు, సైకిలిస్టు తప్పు ఎంత శాతమో నిర్ణయించి పరిహారంలో ఆ మేరకు కోత విధిస్తారు. బస్సు ఢీకొని సైకిలిస్టు మరణించిన గ్రేటర్ బొంబాయి నగరపాలక సంస్థ కేసులో 2003లో సుప్రీంకోర్టు ఈ సూత్రాన్ని వివరించింది.

అయితే నిబంధన ఉల్లంఘన వేరు, ప్రమాదానికి కారణం కావడం వేరు. మోటారుసైకిల్‌పై ముగ్గురు ప్రయాణించడమే అంశదాయక నిర్లక్ష్యం కాదని, ఆ ఉల్లంఘనకూ ప్రమాదానికీ కార్యకారణ సంబంధం చూపాలని 2020లో సుప్రీంకోర్టు స్పష్టంచేసింది. ఇదే తర్కం సైకిల్‌కూ వర్తిస్తుంది. పట్టపగలు వెనుక నుంచి కారు గుద్దినప్పుడు సైకిల్‌కు లైటు లేదనడం వల్ల ప్రయోజనం ఉండదు. చీకటి రహదారిపై అయితే అదే లోపం బరువైనది.

ఇరువైపులా సమాన జాగ్రత్త ఉండాలన్న వాదన వినడానికి సబబుగానే ఉంటుంది కానీ, నిబంధనలు అలా లేవు. పాదచారులు, సైకిలిస్టులు, పిల్లలు, వృద్ధుల పట్ల వాహన చోదకులు ప్రత్యేక జాగ్రత్త వహించాలని 2017 డ్రైవింగ్ నిబంధనలు చెబుతున్నాయి. నెదర్లాండ్స్ ఇంకా ముందుకు వెళ్లింది. అక్కడ అనివార్య పరిస్థితిని మోటారు వాహనం వైపు వారు నిరూపించలేకపోతే, సైకిలిస్టుది తప్పయినా కనీసం సగం నష్టాన్ని భరించాలి, పద్నాలుగేళ్ల లోపు పిల్లలైతే దాదాపు మొత్తం భరించాలి.

పరిహారం ఎలా?

భారత చట్టంలో దానికి కొంత దగ్గరగా ఉన్నది 164వ సెక్షన్. ఎవరి తప్పో నిరూపించకుండానే మరణానికి రూ.5 లక్షలు, తీవ్ర గాయానికి రూ.2.5 లక్షలు పొందవచ్చు. అంతకుమించి కావాలంటే 166వ సెక్షన్ కింద నిర్లక్ష్యాన్ని నిరూపించాలి. అప్పుడు మృతుని వయసు, ఆదాయం, ఆధారపడినవారి సంఖ్యను బట్టి మొత్తాన్ని లెక్కిస్తారు. ఢీకొన్న వాహనం ఆచూకీ దొరకకపోతే మరణానికి రూ.2 లక్షలు, తీవ్ర గాయానికి రూ.50 వేలు ఇస్తారు. గాయపడిన వారికి ఏడు రోజుల వరకు, రూ.1.5 లక్షల మేరకు నగదు రహిత చికిత్స అందించే పథకాన్ని కేంద్రం 2025 మేలో నోటిఫై చేసింది.

సైకిలే ఎవరినైనా ఢీకొంటే? సైకిల్ మోటారు వాహనం కాదు, దానికి బీమా ఉండదు, ట్రైబ్యునల్‌కు వెళ్లే వీలూ లేదు. సాధారణ సివిల్ కోర్టులో దావా వేసుకోవాల్సిందే. నిర్లక్ష్యంతో మరణానికి కారణమైతే 106(1) మాత్రం సైకిలిస్టుకూ వర్తిస్తుంది. 250 వాట్ల లోపు మోటారుతో, గంటకు 25 కిలోమీటర్లు మించని వేగంతో నడిచే తేలికపాటి విద్యుత్ సైకిళ్లు కూడా మోటారు వాహనాల కిందకు రావు.

మూడో పక్షం గురించి తరచూ మరచిపోతుంటారు. రహదారి రూపకల్పన, నిర్మాణం, నిర్వహణలో ప్రమాణాలు పాటించకపోవడం వల్ల మరణం లేదా వైకల్యం సంభవిస్తే బాధ్యులైన సంస్థ, గుత్తేదారు, సలహాదారులకు 2019 సవరణతో చేర్చిన 198ఎ సెక్షన్ రూ.లక్ష వరకు జరిమానా విధిస్తోంది. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో ప్రారంభించిన 23 కిలోమీటర్ల సౌర పైకప్పు సైకిల్ బాట వంటి ప్రత్యేక మార్గాలు ఇప్పటికీ అరుదే. పనికి వెళ్లే సైకిలిస్టు లారీలు, బస్సుల మధ్యనే సాగాలి.

దావా వేసేవారు గడువును గమనించాలి. 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన 166(3) ప్రకారం ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోగా దరఖాస్తు చేయాలి. ఈ పరిమితిపై వివాదం సుప్రీంకోర్టుకు చేరింది. ప్రమాదం జరిగిన చోటే కాకుండా, బాధితుల నివాస ప్రాంతంలోని ట్రైబ్యునల్‌లోనూ దరఖాస్తు చేయవచ్చు. పోలీసులు 48 గంటల్లోగా ట్రైబ్యునల్‌కు పంపాల్సిన తొలి ప్రమాద నివేదిక ప్రతిని బాధిత కుటుంబం అడిగి తీసుకోవచ్చు.