పడావు భూమి నుంచి పచ్చసాలె దాకా

కిలో బియ్యం రెండు రూపాయల పథకం, డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే స్వచ్ఛంద సంస్థ రెండూ 1983లోనే పుట్టాయి. ఒకదానికీ ఇంకోదానికీ సంబంధం లేదు. అయినా జహీరాబాద్ చుట్టుపక్కల ఊళ్ళలో ఆ తర్వాతి కథ చాలావరకు ఈ రెండింటి మధ్యే నడిచింది. చౌక బియ్యం ఎందరి ఆకలో తీర్చింది, కాదంటే అన్యాయం. కాని ఆ బియ్యం ఎక్కడో కాలువల కింద పండి, లారీలెక్కి ఇక్కడికి వచ్చేది. ఇంట్లోకి బియ్యం చౌకగా దొరుకుతుంటే ఎర్రనేలలో ఎవరి కోసం జొన్న వెయ్యాలి? అసలే దుక్కి చేసే స్తోమత లేని చిన్న రైతు చెల్కను వదిలేశాడు. భూమి పడావు పడింది. దాంతో ఆడవాళ్ళకు కూలి పోయింది, ఎద్దుకు చొప్ప పోయింది, పొయ్యి మీద రొట్టె పలచబడింది.

పస్తాపూర్ కేంద్రంగా సొసైటీ కూడగట్టిన సంఘాల్లో ఎక్కువమంది దళిత మహిళలు. కొందరికి గుంటల్లో భూమి, కొందరికి అదీ లేదు. సుమారు 75 ఊళ్ళకు, ఐదువేల మంది సభ్యులకు సంఘాలు విస్తరించాయి. సంస్థను నడిపిన పి.వి. సతీష్ అంతకుముందు దూరదర్శన్‌లో నిర్మాత. మైసూరు ప్రాంతం నుంచి వచ్చిన మనిషి. ఇటువంటి వ్యాసాల్లో స్థాపకుడికి పెద్ద పూలదండ వెయ్యడం ఆనవాయితీ. నన్నడిగితే, ఆయన చేసిన పెద్ద పని చెప్పడం తగ్గించి వినడం పెంచడం. పొద్దంతా కూలికి పోయి, వంట చేసి, పిల్లల్ని పడుకోబెట్టాక రాత్రిపూట కూర్చునే సంఘమే ఇక్కడి మొదటి బడి. ఆ బడిలో పాఠం చెప్పింది చదువు రాని వాళ్ళు.

ఆ బడి నుంచి వచ్చిన వాటిలో అన్నిటికన్నా గట్టి ఆలోచన 1990ల మధ్యలో మొదలైన సొంత రేషన్. పడావు భూములను దున్ని, పశువుల ఎరువు తోలి, జొన్న వెయ్యడానికి రైతులకు విడతలుగా అప్పు ఇచ్చారు. కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖ కూడా చెయ్యి కలిపింది. అప్పు తీర్చాల్సింది డబ్బుతో కాదు, కొన్నేళ్ళపాటు గింజలతో. అలా పోగైన ధాన్యాన్ని ఊళ్ళోనే దాచి, పనులు దొరకని రోజుల్లో పేద ఇళ్ళకు తక్కువ ధరకు ఇచ్చేవారు. ఎవరు పేదలో తేల్చడానికి ఏ ఆఫీసు కాగితమూ అడగలేదు. ఊరి నడుమ నేల మీద రంగుల ముగ్గుతో ఊరి పటం గీసి, ఒక్కో ఇంటికీ ఎంత కష్టముందో అందరి ముందూ తేల్చుకున్నారు. పక్కింటావిడ ఎదుటే నిలబడి నేను పేదనని అబద్ధం చెప్పడం అంత తేలిక కాదు! మన రేషన్ కార్డుల జాబితాలు ఎప్పుడైనా ఇంత ఎండకు ఎండాయా అని నాకు అనుమానం.

ఇక్కడ ఒక చేదు నిజం కూడా చెప్పుకోవాలి. జొన్న తింటే చాలు, అన్ని రోగాలూ పోతాయని ఈమధ్య పట్నాల్లో ప్రచారం. ఇదే దక్కన్‌లో, జొన్న తప్ప మరొకటి ఎరగని నిరుపేదల్లో పెల్లాగ్రా ఉండేది. ఎండ తగిలే చోట చర్మం నల్లబడి పొలుసులు లేస్తుంది, కడుపు పాడవుతుంది, ముదిరితే మతి చెడుతుంది. హైదరాబాద్‌లోని న్యూట్రిషన్ రిసెర్చ్ లేబొరేటరీస్‌లో, అంటే తర్వాత జాతీయ పోషకాహార సంస్థగా మారిన చోటే, సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకంఠయ్య దీన్ని పరిశోధించారు. జొన్నలోని ల్యూసిన్ ఎక్కువ కావడం ఈ జబ్బుకు దారితీస్తుందని 1960లో ప్రతిపాదించారు. ఆ వాదన మీద తర్వాత చాలా చర్చ నడిచింది. కాని ఒక్క గింజ మీదే బతికితే ఒళ్ళు ఊరుకోదన్న సంగతిలో మాత్రం చర్చ లేదు.

అందుకే ఈ సంఘాల చేను చూడాలి. జొన్న సాలు పక్కన కంది, దాని సందున పెసర, బొబ్బర, అనుము. కొర్ర, సామ, సజ్జ, నువ్వు. గట్టు వెంట కుసుమ, అవిసె. వాన పోయాక మంచుతోనే నెట్టుకొచ్చే యాసంగి పైర్లను ఇక్కడ సత్యం పంటలంటారు. విత్తకుండా వచ్చేవి ఇంకో లెక్క: దొగ్గలి, తుమ్మి, గునుగు, అత్తిలి, జొన్నచెంచలి. వ్యవసాయ శాఖ పుస్తకంలో వీటిలో చాలావాటికి కలుపు మొక్కలని పేరు. కలుపు తీసే ఆడవాళ్ళకు మాత్రం ఆ పూట కూర. గింజ, పప్పు, నూనె, ఆకు ఒకే చేలో పండితే పళ్ళెం దానంతటదే నిండుతుంది. గడ్డిమందు కొట్టిన చేలో ఆ కూర దొరకదు. పోషకాహారం గురించి గోడ మీద పటం వేలాడదీసి చెప్పే పాఠం కన్నా ఈ వరుస బాగా ఎక్కుతుంది.

విత్తనం కూడా వీళ్ళ చేతిలోనే. బూడిద, వేపాకు కలిపి, మట్టితో మూసిన కుండల్లో, బుట్టల్లో దాస్తారు. అడిగినవాళ్ళకు ఇస్తారు, పంట వచ్చాక మరికొంత కలిపి తిరిగి తీసుకుంటారు. సంక్రాంతినాడు ఈ విత్తనాలను ఎడ్లబండ్లకెత్తి ఊరూరా తిప్పే పాత పంటల జాతర సుమారు నెల రోజులు సాగుతుంది. బండి ఆగిన ప్రతి ఊళ్ళోనూ పంటల మీద మాటామంతీ, తగువూ అన్నీ ఉంటాయి.

పిల్లల చదువు సంగతి 1993లో మాచ్‌నూర్‌లో పెట్టిన పచ్చసాలెతో తేలింది. పదో తరగతి పుస్తకాలతోపాటు వడ్రంగం, కుమ్మరం, కుట్టుపని, పుస్తకాల బైండింగ్, సేద్యం, మూలికా వైద్యం నేర్పే బడి అది. ఇలాంటి బడుల మీద ఒక విమర్శ ఎప్పుడూ ఉంటుంది: పేదల పిల్లలను మళ్ళీ చేతిపనులకే కట్టేస్తారా అని. విమర్శ తోసిపుచ్చేది కాదు. పదో తరగతి పరీక్షను వదలకుండా పట్టుకోవడమే పచ్చసాలె దానికిచ్చిన జవాబు.

అదే మాచ్‌నూర్‌లో 2008 అక్టోబర్ 15న సంఘం రేడియో 90.4 మీద మాట్లాడింది. దేశంలో స్వచ్ఛంద సంస్థకు లైసెన్సు దక్కిన మొదటి కమ్యూనిటీ రేడియో ఇదే. విత్తనాల గురించి, కాన్పు గురించి, పిల్లల జ్వరాల గురించి తమ యాసలో తామే మాట్లాడి, తామే రికార్డు చేసుకున్నారు. వీడియో కెమెరా పట్టినప్పుడు వీళ్ళు పెట్టుకున్న పేర్లు చెప్పకుండా ఉండలేను. పైనుంచి కిందికి తీస్తే పటేలు షాటు, కిందినుంచి పైకి తీస్తే బానిస షాటు, కంటికి కన్ను ఎదురుగా పెట్టి తీస్తే సంఘం షాటు. ఏ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ కూడా ఇంత క్లుప్తంగా చెప్పినట్టు నేను వినలేదు.

బయటి గుర్తింపు గురించి రెండు ముక్కలు చాలు. 2013 ఆహార భద్రతా చట్టం చిరుధాన్యాలను కిలో రూపాయికి రేషన్‌లో ఇవ్వొచ్చంది. సొసైటీ, మిల్లెట్ నెట్‌వర్క్ ఆఫ్ ఇండియా ఏళ్ళ తరబడి అడిగింది అదే. 2019లో సంఘాలకు ఐక్యరాజ్యసమితి ఈక్వేటర్ బహుమతి వచ్చింది. ప్రపంచమంతా చిరుధాన్యాల సంవత్సరమని జరుపుకున్న 2023లోనే, మార్చిలో, సతీష్ కన్నుమూశారు.

మిగిలిన పని చిన్నదేం కాదు. న్యాల్‌కల్, ఝరాసంగం మండలాల్లో పారిశ్రామిక మండలి కోసం వేల ఎకరాలు సేకరణలోకి వెళ్ళాయి. చెల్కే లేకపోతే సంఘం ఏం దున్నుతుంది? ఇంకోటి, రోట్లో ఉన్న సంగతి. జొన్న, సజ్జకు పొట్టు బాధ లేదు. కొర్ర, సామకు గట్టి పొట్టు. దంచలేక ఎన్ని ఇళ్ళు వాటిని వదిలేశాయో ఆడవాళ్ళనడిగితే చెబుతారు. పట్నం దుకాణంలో కొర్రబియ్యానికి మంచి ధర పలుకుతోంది గనుక పండించినవాళ్ళు తినకుండా అమ్మేసే ప్రమాదమూ ఉంది. ఊరికొక పొట్టు తీసే మర, దాన్ని నడపడం నేర్చుకున్న ఇద్దరు ఆడపిల్లలు, మరపట్టిన గింజలో ముందు ఇంటికెంత తీసిపెట్టాలో సంఘంలో తేల్చుకున్న కట్టు. వచ్చే పదేళ్ళకు పచ్చసాలె పాఠ్యప్రణాళికలో నేనైతే ముందు వీటినే చేరుస్తాను.