‘కొడుకు వచ్చేదాంక’: వలస ఊళ్లో ముందస్తు వైద్య నిర్దేశం

శ్రీరంగాపూర్‌లో ప్రాణం మీదికి వచ్చిన మనిషిని ముందు వనపర్తికి తీసుకుపోతారు. అక్కడ చేతులెత్తేస్తే బండి 44వ జాతీయ రహదారి ఎక్కి, అయితే హైదరాబాద్ వైపు, కాకుంటే కర్నూలు వైపు తిరుగుతుంది. ఎటు తిరిగినా ఐసీయూ తలుపు దగ్గర వినిపించే మాట ఒకటే: ‘‘మా తమ్ముడు బొంబాయిల ఉన్నడు సార్. వచ్చేదాంక ఆపండి.’’ పాలమూరు వలసకు ఇంతకన్నా కచ్చితమైన వైద్యపరమైన వ్యక్తీకరణ లేదు. ఆపడమంటే వెంటిలేటర్. అది ముసలి మనిషి కోసమా, రైల్లో ఉన్న కొడుకు కోసమా అన్న నైతిక ప్రశ్న ఆ రాత్రి ఎవరికీ తట్టదు. తట్టినా ‘నలుగురు ఏమంటరో’ అన్న భయం దాన్ని మింగేస్తుంది.

చట్టం ఈ ప్రశ్నకు కొంత దారి చూపింది. కామన్ కాజ్ కేసులో 2018 మార్చి 9న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం గౌరవంగా మరణించే హక్కును 21వ అధికరణలో భాగంగా గుర్తించింది. తెలివిలో ఉండగానే ‘నాకు నయం కాదని తేలితే యంత్రాల మీద ఉంచొద్దు’ అని రాసిపెట్టుకోవచ్చు. అదే ముందస్తు వైద్య నిర్దేశం. కానీ ఆ కాగితంపై మొదటి తరగతి మేజిస్ట్రేటు సంతకం కావాలని కోర్టు షరతు పెట్టింది. కోలుకోలేని జబ్బుతో ఉన్న రైతు సంతకం కోసం కోర్టు మెట్లెక్కాలనడం, నిజం చెప్పాలంటే, హక్కు ఇచ్చి తాళంచెవి దాచుకోవడమే. 2023 జనవరి 24న ఆ షరతు సడలింది. ఇప్పుడు ఇద్దరు సాక్షులు, నోటరీ లేదా గెజిటెడ్ అధికారి చాలు. అమలుకు ముందు ఆసుపత్రిలో ప్రాథమిక, ద్వితీయ వైద్య బోర్డులు అంగీకరించాలి. ఒక్కోదానికి వీలైనంతవరకు 48 గంటలు. స్పెషలిస్టులు లేనిచోట ఆ మాట నీటిమూటే. వనపర్తి, నాగర్‌కర్నూల్‌లలో 2022లో ప్రభుత్వ వైద్య కళాశాలలు రావడం ఈ కోణంలోనూ చూడదగిన మార్పు.

మన పత్రికలు దీన్నంతా ‘కారుణ్య మరణం’ అనే ఒక్క గంపలో వేస్తాయి. 2004లో హైదరాబాద్‌లో చికిత్స పొందుతున్న చదరంగ క్రీడాకారుడు కె. వెంకటేశ్ తన అవయవాలు పాడవకముందే దానం చేయాలని కోరాడు. తల్లి హైకోర్టుకెళ్లింది, కోర్టు కాదంది, ఆ డిసెంబరులోనే అతను పోయాడు. అది ప్రాణం పోకముందే అవయవాలు తీయడం గురించిన అభ్యర్థన. ముందస్తు నిర్దేశం అది కాదు. ఫలితమివ్వని చికిత్సను ఆపి, నొప్పి లేకుండా చూసుకుంటూ, జబ్బును దాని దారిన పోనివ్వడం. ఈ తేడా తెలియకపోతే ‘‘అమ్మను చంపుకుంటరా?’’ అన్న ఒక్క మాటతో చర్చ ముగుస్తుంది.

ఆ పత్రంలో ఏ చికిత్స వద్దన్న జాబితాకే సాధారణంగా ప్రాధాన్యమిస్తారు. వలస ఊళ్లో దానికన్నా కీలకమైనది మాట చెప్పాల్సిన మనిషి పేరు. 2023 సవరణ ఒకరికంటే ఎక్కువ పేర్లు రాయనిచ్చింది. పుణెలో ఉన్న కొడుకు పేరుతోపాటు ఇంట్లో ఉన్న మనిషి పేరూ ఉండొచ్చు. నకలు స్థానిక సంస్థ నియమించిన అధికారి దగ్గర ఉండాలి. అయితే శ్రీరంగాపూర్‌లో భద్రపరిచిన కాగితం కర్నూలు ఆసుపత్రికి, అంటే ఇంకో రాష్ట్రానికి, అర్ధరాత్రి ఎట్లా చేరుతుంది? కృష్ణకు అవతల కర్ణాటక ఆరోగ్య శాఖ 2025 జనవరిలో తీర్పు అమలుకు ఉత్తర్వు ఇచ్చింది. గద్వాల వాళ్లకు రాయచూరు ఎంత దగ్గరో తెలిసినవాళ్లకు ఇది పక్కింటి వార్త కాదు.

ఒక ఉదాహరణ ఊహించుకుందాం. వాకిట్లో పల్లికాయ ఒలుస్తూ అత్త కోడలితో అంటుంది: ‘‘మీ మామకు పెట్టినట్టు నాకు ముక్కుల పైపులు పెట్టనియ్యకు బిడ్డా. ఇంట్ల పండవెట్టుండ్రి.’’ సాక్షులు లేరు, సంతకం లేదు. అయినా ఆమె ఇష్టానికి అంతకన్నా తేటైన ఆధారం మరొకటి దొరకదు. నిర్దేశ పత్రం లేనప్పుడు వైద్య బోర్డులు దగ్గరి బంధువుల సమ్మతి మీద నడుస్తాయి. ఆ సమ్మతికి కోడలి జ్ఞాపకమే పునాది కావాలి. మూడేళ్ల తర్వాత ఐసీయూ బయట డ్యూటీ డాక్టరు అడుగుతాడు: ‘‘బ్లడ్ రిలేషన్ ఎవరమ్మా?’’ కోడలు కొంగు సర్దుకుని పక్కకు జరుగుతుంది. ఫోను బొంబాయికి కలుపుతారు.